దుంపల కోసం వెళ్ళిన మధ్యాహ్నం

వెండెల్ హాకలా జీవితం చాలావరకు లారీ సీటులోనే గడిచిపోయింది. రాగి గనులు మూతపడ్డాక పైన్ హార్బర్‌లో పుట్టిన మగపిల్లలు కొందరు అడవిలో కలప పనికి పోయారు, కొందరు సైన్యంలోకి పోయారు, మిగిలినవాళ్ళు ఊరొదిలి దక్షిణాన కార్ల ఫ్యాక్టరీల్లో చేరారు. వెండెల్ మాత్రం పోతూ వస్తూ ఉండే పని చూసుకున్నాడు. ఇక్కణ్ణుంచి కలప దుంగలు, అక్కణ్ణుంచి ఏ సరుకు దొరికితే అది. ఇంటికి వచ్చిన రోజు కూడా భోజనం నిలబడే కానిచ్చేవాడు. కూర్చోవయ్యా అని భార్య కొరీన్ అంటే, "కూర్చుంటే మళ్ళీ లేవాలి కదా" అనేవాడు.

అలాంటి మనిషి నిరుడు సెప్టెంబరులో ఒక పెట్రోలు బంకు దగ్గర కాఫీ కప్పు పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే పడిపోయాడు. మూర్ఛ అన్నారు డాక్టర్లు. మందులు రాసిచ్చారు. మళ్ళీ రాకుండా ఆరు నెలలు గడిస్తే సొంత కారు నడుపుకోవచ్చనీ, లారీ సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందామనీ చెప్పారు. ఆ 'తర్వాత' అంటే కొన్నేళ్ళని కొరీన్‌కు అక్కడే అర్థమైంది. వెండెల్ చెవికి మాత్రం ఆరు నెలలన్న మాట ఒక్కటే ఎక్కింది. ముందు కారు చేతికొస్తే చాలు, లారీ సంగతి తాను చూసుకోగలననుకున్నాడు.

ఇంట్లో కూర్చోవడం అతనికి చేతకాలేదు. పొద్దున్నే వాకిట్లో మంచు ఎత్తిపోసేవాడు. అయిపోతే పక్కింటి వాకిలి. అది కూడా అయిపోతే వీధి చివర తపాలా పెట్టె చుట్టూ. కొండ దిగుతూ ఏ లారీ అయినా గేరు మార్చిన చప్పుడు వినిపిస్తే చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళేవాడు. కూతురు కైసాకు పదిహేనేళ్ళు. ఇన్నేళ్ళూ నెలకోసారి కనిపించే నాన్న ఇప్పుడు ఏ గదిలోకి వెళ్ళినా ఎదురుపడుతుంటే ఆ పిల్లకు ఏం మాట్లాడాలో తెలిసేది కాదు.

కైసా ఊళ్ళో పిల్లల స్కీ క్లబ్బులో ఉంది. మార్చిలో మార్కెట్ అనే పట్నంలో జరిగే పందేలకు వెళ్ళాలంటే ప్రతి ఏడూ పాస్టీలు చేసి అమ్మి డబ్బు కూడబెట్టుకోవాలి. పాస్టీ అంటే ఆ ప్రాంతంవాళ్ళకు ప్రాణం. పెద్ద కజ్జికాయ ఆకారంలో ఉంటుంది, లోపల మాత్రం మాంసం, బంగాళాదుంప, ఉల్లి, ముల్లంగిలాంటి రుటబాగా దుంప. పై పిండి చేతిలో విడిపోకూడదు, నోట్లో గట్టిగా ఉండకూడదు. ఒకటి తింటే మధ్యాహ్నం దాకా ఆకలన్న మాట ఉండదు.

జనవరిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, ఈ ఏడు పాస్టీల బాధ్యత ఎవరు తీసుకుంటారని కోచ్ అడిగాడు. అందరూ తమ బూట్లకేసి చూసుకున్నారు. వెనక గోడకు ఆనుకుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్న వెండెల్ చెయ్యెత్తాడు. కైసా స్వెట్టరు టోపీని ముక్కు మీదికి లాక్కుంది.

"వంట వచ్చా నీకు?" అని అడిగాడు ఎవరో.

"రాదు. కానీ సరుకు ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం వచ్చు" అన్నాడు వెండెల్.

నిజంగానే వచ్చు. పొద్దుటినుంచీ ఫోను చెవికి అంటుకునే ఉండేది. పిల్లల్ని ఇద్దరిద్దరు చొప్పున వీధులకు పంచాడు. వాళ్ళు తలుపు తట్టి ఆర్డర్లు అడుగుతుంటే తాను వెనకాలే మంచులో నడిచేవాడు. కారు నడపకూడని మనిషి కదా, ఊరంతా కాళ్ళతోనే కొలిచాడు. ఏ గుమ్మం ముందు నిలబడ్డా మొదటి ప్రశ్న ఒకటే.

"రుటబాగా వేస్తున్నారా, లేదా?"

"వేస్తున్నామండీ."

"సరే అయితే. రెండేళ్ళ కింద క్యారెట్లు వేశారు. అది పాస్టీయా? ఊరు తెలియనివాళ్ళు చేసే పని."

వంటగది సంగతి వేరు. చర్చి కింది అంతస్తులో ఉన్న ఆ వంటగదికి ఎల్మా ట్రెవారో మహారాణి. ఎనభై దాటింది, మనిషి గుప్పెడంత ఉంటుంది. చిన్నప్పుడు ఆదివారం బడిలో వెండెల్‌కు ఆవిడే పాఠాలు చెప్పింది. ఆవిడ ముత్తాతలు గనుల్లో పనికి సముద్రం అవతలి కార్న్‌వాల్ నుంచి పాస్టీని చేతిలో పట్టుకుని వచ్చారు. వాళ్ళను చూసి వెండెల్ ముత్తాతల్లాంటి ఫిన్నిష్‌వాళ్ళు చెయ్యడం నేర్చుకున్నారు. ఇప్పుడు ఆ ఫిన్నిష్‌వాళ్ళే పాస్టీ తమదంటారని ఆవిడ కోపం.

"ఒరే వెండెల్, ఆ కాళ్ళు ఎక్కడైనా కట్టేసి రా. కాలు కాలిన పిల్లిలా నువ్వలా తిరుగుతుంటే నాకు ఉప్పు ఎన్నిసార్లు వేశానో మర్చిపోతున్నాను."

"మీరు చెప్పండి ఎల్మా గారూ, నేను ఆగుతాను."

"ఆగు."

ఆగేవాడు. ఆవిడ వెనక్కి తిరగ్గానే మళ్ళీ నడిచేవాడు.

అమ్మకం శనివారం. శుక్రవారం మధ్యాహ్నానికి మాంసం వచ్చింది, పిండి కలిపి గుడ్డ కప్పి పెట్టారు, బడి తొందరగా వదలడంతో పిల్లలు వచ్చి బంగాళాదుంపల చెక్కు తీస్తున్నారు. రుటబాగాలు రాలేదు. వాటిని తెస్తానన్నది అడవి అంచున పొలం ఉన్న ఓయివో నీమెలా అనే ముసలి రైతు. వెండెల్ ఫోను చేస్తే తీరిగ్గా ఎత్తాడు.

"నా బండి నిన్న సాయంత్రం కాలువలోకి దిగింది. నడుం పట్టేసింది. దుంపలు మాత్రం బాగున్నాయి."

"దుంపలు బాగుండి ఏం లాభం ఓయివో గారూ, ఇక్కడ లేకపోయాక?"

"వచ్చి తీసుకెళ్ళండి మరి. కాఫీ పెడతాను."

ఊళ్ళో కొట్టుకు పరుగెత్తితే బుట్టెడు దొరికాయి, అంతే. బండ్లున్న తల్లిదండ్రులంతా పనుల్లో ఉన్నారు, సాయంత్రం దాకా రారు. అందాకా ఆగితే తరగడం, చుట్టడం పొద్దుటికి పూర్తవ్వవు. వెండెల్ వంటగదిలో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. కొరీన్ పొద్దున సరుకు దింపడానికని ఇంటి వ్యాను ఇక్కడ పెట్టి, తోటి నర్సు కారెక్కి వృద్ధాశ్రమానికి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఎవరైనా జరపాల్సివస్తే అని తాళం తలుపు పక్క మేకుకు తగిలించి వెళ్ళింది. మూడోసారి ఆ తలుపు దాటేటప్పుడు అతని చెయ్యి దానంతటదే తాళం తీసుకుంది.

ఇంజను మోగింది. ఎన్ని నెలలైంది! చక్రం మీద చేతులు పెట్టగానే భుజాలు కిందికి దిగాయి, ఊపిరి తేలికైంది. అద్దం సరిచేసుకుంటుంటే పక్క తలుపు తెరుచుకుంది. చేతికి దుంపల చెక్కు అంటుకుని కైసా నిలబడి ఉంది.

"నాన్నా, దిగు."

"పొలాల దారే తల్లీ. ఈ వేళప్పుడు పురుగు కూడా ఉండదు. ఇలా వెళ్ళి అలా వస్తాను."

"నేను నడుపుతాను."

"నీది నేర్చుకునే లైసెన్సు. పక్కన లైసెన్సున్న పెద్దవాళ్ళుండాలి."

"నీకు లేదు."

"లేదు. ఇద్దరం కలిసినా ఒక్క డ్రైవరు కాలేకపోయాం" అని నవ్వబోయాడు.

కైసా నవ్వలేదు. అతని ముఖంలోకి ఒకసారి చూసి, ఎక్కి కూర్చుని బెల్టు పెట్టుకుంది. "అయితే నేనూ వస్తాను. పద."

కూతురు తనంతట తాను వచ్చి పక్కన కూర్చోవడం వెండెల్‌కు ఎంత బాగుందంటే, గేరు మీదికి చెయ్యి వెళ్ళిపోయింది. అంతలో కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడు. ఏప్రన్ మీద కోటు వేసుకుని ఎల్మా ట్రెవారో నిలబడి ఉంది.

"ఇద్దరూ దిగండి. నువ్వు పోయి దుంపల చెక్కు తియ్యి పిల్లా. నువ్వు నా కారెక్కరా."

ఎల్మా కారు ఆవిడ భర్త బతికున్నప్పటిది; చర్చి దాటి అది వెళ్తుందని ఎవరూ అనుకోరు. దాన్ని రోడ్డు మధ్యలో, పసుపు గీత బానెట్ కిందికి వచ్చేట్టు నడిపేది. కొలిచి నడిచినట్టుండేది ఆ వేగం. వెండెల్ కుడి కాలు అస్తమానం కాళ్ళ కింది చాపను తొక్కుతోంది.

"అక్కడ బ్రేకు లేదురా."

"అలవాటండీ."

"బ్రేకు తొక్కాల్సినంత స్పీడు నేనెప్పుడెళ్ళాను?"

వెనక కలప లారీ ఒకటి వచ్చి చేరింది. హారన్ కొట్టింది. వెండెల్ వెనక్కి తిరిగి చూశాడు. ఆ డ్రైవరుకు ఎంత ఒళ్ళు మండుతోందో అతనికి తెలుసు. "కొంచెం పక్కకు తీస్తే అతను వెళ్ళిపోతాడు ఎల్మా గారూ."

"మంచు గట్ల మధ్య పక్కెక్కడుంది? అతనికి దుంగలు, నాకు దుంపలు. ఎవరి తొందర వాళ్ళది" అని ఆవిడ ఇంకాస్త నెమ్మదించింది.

ఓయివో ఇంటి దగ్గర వెండెల్ ఒక్కడే నేలమాళిగలోకి దిగి, మట్టివాసన కొట్టే బస్తాలు భుజాన వేసుకుని తెచ్చి కారు వెనక, సీట్ల మీద, సీట్ల సందుల్లో సర్దాడు. ఇక బయలుదేరదామని వంటింట్లోకి తొంగిచూస్తే ఎల్మా టోపీ తీసేసి కూర్చుని ఉంది. బల్ల మీద యాలకుల వాసనతో తియ్య రొట్టె.

"కూర్చో వెండెల్, కాఫీ తాగు" అన్నాడు ఓయివో నడుం పట్టుకుంటూ.

"పిల్లలు ఎదురుచూస్తుంటారండీ."

"పిల్లలు బంగాళాదుంపలతో ఉన్నారు, ఎక్కడికీ పోరు" అని ఎల్మా రెండో కప్పు పోయించుకుంది. తన ఆయన ఇదే ఓయివోతో ఒకప్పుడు గుర్రం కోసం పోట్లాడిన సంగతి మొదలుపెట్టింది. వెండెల్ బయటికి వచ్చి కారు చుట్టూ తిరిగాడు, కొట్టం చుట్టూ తిరిగాడు, కాలువలో ఇరుక్కున్న ఓయివో బండిని రెండు పక్కలనుంచీ పరిశీలించి వచ్చాడు. ముసలివాళ్ళ నవ్వులు లోపలినుంచి వినిపిస్తున్నాయి. ఆరు నెలలు నిండడానికి ఇంకో మూడు వారాలు, అనుకున్నాడు. మూడు వారాలు ఓపిక పడితే ఎవరి కాఫీ అయ్యేదాకా తాను కాచుకోనక్కర్లేదు.

తిరుగు దారిలో సరస్సు కనబడేచోట అతను ఏదో చెబుతున్నాడు. తరగడానికి ఎవరెవర్ని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో చెబుతున్నాడు. ముక్కుకు తడిసిన నాణేల వాసన తగిలింది. దుంపల మట్టివాసన కాదే ఇది, అనుకున్నాడు.

ఆ తర్వాత కారు ఆగి ఉంది. పక్క లైట్లు టిక్కుటిక్కుమంటూ వెలిగి ఆరుతున్నాయి. మెడ దగ్గర కోటు గుండీలు ఊడదీసి ఉన్నాయి. గడ్డం తడిగా ఉంది. వెనకసీటు నుంచి దొర్లిన దుంపొకటి కాళ్ళ దగ్గర పడి ఉంది. ఎల్మా తన చిన్న చేతులు రెండింటితో అతని తల పట్టుకుని ఉంది.

"వచ్చావా?" అంది.

నోరు తిరగడానికి కాసేపు పట్టింది. "నిద్రపట్టినట్టుంది."

"నా పాఠాల్లో నువ్వు నిద్రపోవడం నాకు బాగా తెలుసు. ఇది నిద్ర కాదురా."

"ఎంతసేపు?"

"గడియారం చూడలేదు. నీ తల కిటికీకి కొట్టుకోకుండా చూశాను."

వెండెల్ అరచేత్తో గడ్డం తుడుచుకున్నాడు. "ఎవరికీ చెప్పకండి ఎల్మా గారూ. మూడే వారాలు. ఇది తెలిస్తే మళ్ళీ మొదటికొస్తుంది."

"నేనెందుకు చెబుతాను? నోరు నీకుంది." ఆవిడ చేతి తొడుగులు మళ్ళీ వేసుకుంది, ఒక్కో వేలూ సర్దుకుంటూ. "ఆ పిల్ల వ్యాను ఎక్కి బెల్టు పెట్టుకోవడం మాత్రం నేను కిటికీలోంచి చూశాను."

కారు కదిలింది. మంచుగట్లకు అవతల దారి కొండంచున వంపు తిరిగి, కింద సరస్సు మీది గడ్డకట్టిన నీళ్ళు కనిపిస్తున్నాయి. వ్యాను అయివుంటే ఈ వంపు దగ్గర తాను ఎంత వేగంలో ఉండేవాడో వెండెల్‌కు కచ్చితంగా తెలుసు. తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు. ఊరు వచ్చేదాకా వదల్లేదు.

ఆ సాయంత్రం తరిగారు, కలిపారు, చుట్టారు. శనివారం తెల్లవారేసరికి పొయ్యిలన్నీ వేడెక్కి, చర్చి మెట్ల మీదినుంచి వీధిలోకి జనం వరస కట్టారు. వెండెల్ అట్టపెట్టెలు మోశాడు, పేర్లు పిలిచాడు, ముసలివాళ్ళ పెట్టెలు కారుదాకా తీసుకెళ్ళి ఇచ్చాడు.

"కెచప్ పెట్టారా?" అని ఒకాయన అడిగాడు.

"పాస్టీకి గ్రేవీ పోసుకుంటారు గానీ కెచప్ ఏమిటయ్యా?" అని వరసలో వెనకాయన అన్నాడు. వెంటనే వరస రెండు వర్గాలైంది. పిల్లలు పడీపడీ నవ్వారు. కైసా ముక్కు మీద పిండి, చెవి మీద పిండి. అంత గట్టిగా నవ్వగలదని వెండెల్‌కు తెలియదు. ఆ నవ్వు వినిపించినప్పుడల్లా అతనికి నిన్నటి వంపు కళ్ళముందు తిరిగేది. వెంటనే ఇంకో పెట్టె ఎత్తుకునేవాడు.

"ఇంత బాగా ఎప్పుడూ జరగలేదు వెండెల్. వచ్చే ఏడు కూడా నువ్వే" అని కోచ్ వీపు తట్టాడు.

మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. అందరూ వెళ్ళాక ముగ్గురూ మిగిలారు. కొరీన్ ట్రేలు కడుగుతోంది, కైసా తుడుస్తోంది, వెండెల్ బీరువాలో పెడుతున్నాడు. పెడుతూ పెడుతూ, వాళ్ళకు వీపు పెట్టే చెప్పాడు.

"నిన్న కార్లో మళ్ళీ వచ్చింది."

కొరీన్ కొళాయి కట్టేసింది. "ఏమొచ్చింది?"

"అదే. ఎల్మా గారు పట్టుకున్నారు." ఆ తర్వాత వ్యాను సంగతి కూడా చెప్పాడు. తాళం తీసుకోవడం, ఇంజను, కైసా ఎక్కడం, అన్నీ. ఒక్కటీ దాచలేదు.

కొరీన్ ముఖం తెల్లబోయింది. ఆవిడ నోరు విప్పకముందే కైసా అంది:

"క్రిస్‌మస్ ముందు కూడా వచ్చింది నాన్నా. మంచు ఎత్తుతూ పార పట్టుకుని అలాగే ఉండిపోయావు. నేను ఎన్నిసార్లు పిలిచినా కదల్లేదు. తర్వాత నవ్వి, వింటున్నాలే అన్నావు."

"నాకు తెలియదు" అన్నాడు వెండెల్.

"నీకు తెలియదని నాకు తెలుసు. అమ్మతో చెబితే నీ నెలలు మళ్ళీ మొదలవుతాయి కదా. నువ్వు కిటికీ దగ్గర నిలబడుతుంటే..." ఆ పిల్ల తుడిచిన ట్రేనే మళ్ళీ తుడుస్తోంది.

వెండెల్ బీరువా తలుపు వదిలి ఇటు తిరిగాడు. "తెలిసి కూడా నిన్న నా పక్కన ఎందుకెక్కావే?"

"నువ్వు ఎలాగూ వెళ్ళేట్టున్నావు. పక్కన నేనుంటే స్టీరింగయినా పట్టుకోవచ్చు కదా అని."

కొరీన్ చేతిలో తడిగుడ్డ నేలకేసి కొట్టింది. "మీ ఇద్దరూ నన్ను చంపడానికే పుట్టారు! ఒకరు దాస్తారు, ఇంకొకరు తాళం ఎత్తుకెళ్తారు! నేను రోజంతా ముసలివాళ్ళకు మందులు మింగించి వస్తానే, నా ఇంట్లో ఏం జరుగుతోందో నాకు చెప్పేవాళ్ళు లేరా?" అరుస్తూనే కూతురి తల తన భుజానికి లాక్కుంది. రెండో చెయ్యి వెండెల్ చొక్కా పట్టుకుంది. ఎక్కడికీ పోకుండా పట్టుకున్నట్టుంది ఆ పట్టు. అతను పోలేదు. వాళ్ళ మధ్య, సబ్బునీళ్ళ నేల మీద, కాళ్ళు కదపకుండా నిలబడ్డాడు. ఏడుపు ముందు అతనికే వచ్చింది.

సోమవారం డాక్టరుకు ఫోను చేసింది వెండెలే. మందు మార్చారు. నెలల లెక్క మళ్ళీ మొదలైంది. లారీ కంపెనీకి కూడా ఫోను చేసి, డ్రైవర్ల జాబితాలోంచి తన పేరు తీసెయ్యమని చెప్పాడు. అటువైపు అమ్మాయి ఇంకేమైనా కావాలా అని అడిగితే, "నా లారీ తిరిగే దారిలో మంచు తగ్గిందా?" అని అడిగాడు. ఆ తర్వాత రోజులు తేలిగ్గా ఏమీ గడవలేదు. పొద్దున్నే లేచి బట్టలు వేసుకుని, ఎక్కడికి వెళ్ళాలో తెలియక బట్టలతోనే మంచం మీద కూర్చున్న రోజులున్నాయి.

పందేలకు పిల్లలతోపాటు పెద్దలూ బస్సులో మార్కెట్ పట్నానికి వెళ్ళారు. తల్లిదండ్రులంతా గమ్యం దగ్గర తాడు పక్కన కాఫీలు పట్టుకుని నిలబడ్డారు. వెండెల్ కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత దేవదారు చెట్ల మధ్యకు దిగి, మోకాలిలోతు మంచులో అడ్డంగా పరుగెత్తి, దారి మొదటి మలుపు దగ్గరికి చేరాడు. కైసా వచ్చింది, ముఖం ఎర్రగా, ముందున్న పిల్ల వీపు మీదే చూపు పెట్టి. "మోకాళ్ళు వంచు! వంచు!" అని అరిచాడు. ఆ పిల్ల తల తిప్పలేదు. దాటిపోగానే అతను మళ్ళీ చెట్లలోకి పరుగు తీశాడు.

రెండో మలుపు దగ్గర జెండా పట్టుకున్న కుర్రాడు, రొప్పుతూ వచ్చిపడ్డ వెండెల్‌ను చూసి, "పందెం మీదా, మీ అమ్మాయిదా?" అన్నాడు.

వెండెల్ చెయ్యి ఊపి, బూటులో పడ్డ మంచు దులుపుకుంటూ, ఇక్కణ్ణుంచి మూడో మలుపుకు అడ్డదారి ఎటో చెప్పమని సైగ చేశాడు.